వాల్వు మార్పించుకున్నవాళ్లకు ఏ ఎకో, ఎప్పుడు, ఎక్కడ: రాయగడ, పర్లాకిమిడి, జయపురం వైపు వాళ్ల కోసం

మా వైపు గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లలో ముసలివాళ్ల కంటే వయసులో ఉన్నవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత జ్వరం, కీళ్ల వాపులు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇరవయ్యో ఏటో ముప్పయ్యో ఏటో నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, మైట్రల్ వాల్వు, అంటే గుండె ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది, పాడైందని తేలుతుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం నుంచి ఇలాంటివాళ్లు ఎక్కువగా విశాఖపట్నమే వెళ్తారు, కొందరు కటక్, భువనేశ్వర్ వెళ్తారు. ఆపరేషన్ అక్కడ, మందులు ఊళ్లో, చెకప్ బరంపురంలోనో శ్రీకాకుళంలోనో. రెండు రాష్ట్రాల మధ్య కాగితాలు తిరుగుతూనే ఉంటాయి.

నేను ఎకో, అంటే శబ్ద తరంగాలతో గుండెను చూసే పరీక్ష, తీసే గదిలో పనిచేసే టెక్నీషియన్ని. రిపోర్టు మీద సంతకం డాక్టరు గారిదే. కానీ టేబుల్ మీద పడుకున్నవాళ్లు సందేహాలు అడిగేది మమ్మల్నే. ఆ సందేహం కూడా దాదాపు ఒకటే: "మామూలు ఎకో సరిపోతుందా, గొంతులోంచి తీసేది కావాలా? పోనీ సీటీ తీయించేసుకుంటే అన్నీ ఒకేసారి తెలిసిపోవా?" డబ్బు ఎక్కువయ్యేకొద్దీ పరీక్ష మంచిదని చాలామంది లెక్క. వాల్వు విషయంలో ఆ లెక్క పనిచేయదు. మీకు పెట్టింది ఏ వాల్వు, ఎక్కడ పెట్టారు, ఇప్పుడు దేన్ని అనుమానిస్తున్నారు, ఈ మూడూ తెలిస్తే ఏ పరీక్షో దానంతటదే తేలుతుంది.

ముందు ఆ కార్డు చూడండి

ఆపరేషన్ అయ్యాక డిశ్చార్జి కాగితాలతో పాటు చిన్న కార్డు ఒకటి ఇస్తారు. వాల్వు కంపెనీ పేరు, మోడలు, సైజు, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. దాన్ని రేషన్ కార్డు కంటే జాగ్రత్తగా దాచాలి.

మన దేశంలో చాలామందికి పెట్టింది టీటీకే చిత్ర వాల్వు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో తయారుచేసి 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. లోహపు చట్రం, మధ్యలో ఒకే ఒక డిస్కు, అది వాలుగా తెరుచుకుంటుంది. ఇంకొందరికి రెండు రేకులవి ఉంటాయి. సెయింట్ జూడ్ వాల్వు ఆ రకానిదే, 1977 నుంచి వాడుకలో ఉంది. ఇవి రెండూ మెకానికల్, బతికినంత కాలం రక్తం పలచబడే మాత్ర తప్పదు. మూడో రకం పంది వాల్వుతోనో పశువు గుండె పొరతోనో చేసే టిష్యూ వాల్వు. దానికి జీవితాంతం మాత్ర అక్కర్లేకపోవచ్చు గానీ ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతుంది.

కార్డు మీద ఎందుకు ఇంత పట్టుదల అంటే, కృత్రిమ వాల్వు ఏదైనా సొంత వాల్వంత వెడల్పుగా తెరుచుకోదు. కొంచెం ఇరుకు, మెకానికల్ అయితే కొంచెం లీకు కూడా, తయారీలోనే ఉంటాయి. మూసుకున్న రేకుల అంచుల నుంచి సన్నగా రక్తం వెనక్కి వచ్చి అక్కడ గడ్డ కట్టకుండా కడుగుతుంది. రిపోర్టులో 'ట్రివియల్ లీక్' అని చూసి రాత్రంతా నిద్రపోనివాళ్లు ఉన్నారు. అది వాల్వు స్వభావం. అలాగే 19 సైజు వాల్వు దగ్గర మామూలుగా కనిపించే ఒత్తిడి, 25 సైజు వాల్వు దగ్గర కనిపిస్తే అనుమానించాలి. సైజు తెలియకుండా అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

కార్డు తర్వాత అంత విలువైనది మొదటి ఎకో. ఆపరేషన్ అయిన 6 వారాల నుంచి 3 నెలల లోపు, గాయం మాని, రక్తం పెరిగి, గుండె కుదురుకున్నాక తీసేది. తర్వాత ఎన్నేళ్లకు తీసిన ఎకో అయినా దీని పక్కన పెట్టే చూస్తాం. అప్పుడు మీన్ గ్రేడియంట్, అంటే వాల్వుకి అటూ ఇటూ ఉండే ఒత్తిడిలో సగటు తేడా, 6 ఉండి ఇప్పుడూ 6 ఉంటే టెన్షన్ పడక్కర్లేదు. అప్పుడు 3 ఉండి ఇప్పుడు 9 అయితే అది వేరే కథ. మొదటి నుంచే ఎక్కువగా ఉందంటే మనిషి ఒంటికి వాల్వు సైజు చిన్నదై ఉండొచ్చు, అది జబ్బు కాదు. పాత అంకె లేకపోతే ఈ తేడా పట్టుకోవడం కష్టం.

గుణుపురం నుంచి ఒకాయన ప్లాస్టిక్ కవరు నిండా కాగితాలు తెచ్చారు. ఎకో ఫొటోల చుట్ట విప్పితే తెల్లకాగితం. "బొమ్మ పోనాది బాబూ" అన్నారు. ఆ నున్నటి కాగితం వేడితో ముద్ర పడే రకం, ఎండకీ ఏళ్లకీ వెలిసిపోతుంది. ఇచ్చిన రోజే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, రిపోర్టు జిరాక్స్ తీయించండి. సీడీ ఇస్తారేమో అడగండి. వీడియో ఉంటే మాకు పది రిపోర్టుల పెట్టు.

ఛాతీ మీంచి తీసే ఎకో ఎంతవరకు

దీన్నే అందరూ 2డీ ఎకో అంటారు. జెల్ రాసి ప్రోబు ఆనించి చూసేది. నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఎన్నిసార్లయినా తీయొచ్చు. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోంది, ఊపిరితిత్తుల ఒత్తిడి ఎంత, వాల్వులోంచి రక్తం ఎంత వేగంగా పోతోంది, గుండె చుట్టూ నీరుందా, ఇవన్నీ ఇందులోనే తేలతాయి. మొదలు ఎప్పుడూ దీనితోనే.

దీని చిక్కల్లా నీడ. శబ్ద తరంగాలు లోహాన్ని దాటి పోలేవు, దాని వెనక నల్లగా నీడ పడుతుంది. రోడ్డు మీద ఆగిన లారీ వెనక మనిషి ఉన్నాడో లేడో ఇటునుంచి చూసి చెప్పలేం, అవతలికి వెళ్లి చూడాల్సిందే. మైట్రల్ చోట మెకానికల్ వాల్వు ఉంటే ఛాతీ మీంచి చూసినప్పుడు ఆ నీడ సరిగ్గా ఎడమ కర్ణిక, అంటే గుండె ఎడమ పై గది, మీద పడుతుంది. లీకైన రక్తం వచ్చేది అక్కడికే, గడ్డలు తరచు దాక్కునేదీ అటువైపే. అందుకే మెకానికల్ మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లకి మామూలు ఎకోలో 'లీకు లేదు' అని రాసినా, మనిషికి ఆయాసం ఉంటే ఆ మాటను నేను పూర్తిగా నమ్మను.

అయితే నీడలో ఉన్నదాన్ని అంకెలతో పసిగట్టొచ్చు. మైట్రల్ కృత్రిమ వాల్వులో మీన్ గ్రేడియంట్ 5 లోపు ఉంటే మామూలు, 10 దాటితే గట్టిగా అనుమానించాలి. పీక్ వేగం సెకనుకు 1.9 మీటర్ల లోపు ఉండాలి. వేగం పెరిగినప్పుడు డాక్టరు గారు వెంటనే ప్రెషర్ హాఫ్ టైమ్, అంటే ఆ ఒత్తిడి తేడా సగానికి పడిపోవడానికి పట్టే సమయం, చూస్తారు. అది 200 మిల్లీసెకన్లు దాటిందంటే దారి మూసుకుంటోందని. వేగం ఎక్కువగా ఉండి హాఫ్ టైమ్ మాత్రం 130 లోపే ఉంటే, దారి బాగానే ఉంది, రక్తమే ఎక్కువగా పోతోంది, అంటే కనిపించని చోట లీకు ఉండొచ్చు. అప్పుడే గొంతు ఎకో రాస్తారు. బృహద్ధమని, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, దగ్గరి వాల్వుకి లెక్క వేరు: వేగం 3 మీటర్ల లోపు, మీన్ గ్రేడియంట్ 20 లోపు అయితే ఊరట, 4 మీటర్లు, 35 దాటితే ఆలోచించాలి. అక్కడ డీవీఐ, అంటే వాల్వుకి ముందు రక్తం వేగాన్ని వాల్వులోని వేగంతో పోల్చే నిష్పత్తి, కూడా రాయించుకోండి. 0.25 కంటే తగ్గితే మంచిది కాదు.

ఈ అంకెలు పట్టుకుని మీరే తీర్పు చెప్పుకోకండి. బస్సు దిగి ఆదరాబాదరాగా వచ్చి టేబుల్ ఎక్కినవాళ్లకి గుండె వేగం 112 ఉంటుంది, మైట్రల్ గ్రేడియంట్ 9 చూపిస్తుంది. "కాసేపు కూచోండి అమ్మా" అని అరగంట ఆగి తీస్తే అదే మనిషికి 5 వస్తుంది. రిపోర్టులో హార్ట్ రేటు రాయకపోతే ఆ గ్రేడియంట్‌కి సగం విలువే. రక్తహీనత, జ్వరం, గర్భం, థైరాయిడ్ ఎక్కువ కావడం, ఇవన్నీ కూడా అంకె పెంచుతాయి. మలేరియా, సికిల్ సెల్ ఎక్కువగా ఉన్న రాయగడ, కొరాపుట్ జిల్లాలవాళ్లు ఎకోకి వచ్చేటప్పుడు హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా తెస్తే మాకు సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

గొంతులోంచి తీసే ఎకో

టీఈఈ అంటారు. అన్నవాహిక ఎడమ కర్ణికకు సరిగ్గా వెనకే ఉంటుంది, కాబట్టి అక్కడి నుంచి చూస్తే నీడ అవతలి వైపుకి పడి, మామూలు ఎకోలో దాగినదంతా బయటపడుతుంది. మైట్రల్ వాల్వు గడ్డకీ, లీకుకీ, ఇన్ఫెక్షన్‌కీ దీన్ని మించింది లేదు. బృహద్ధమని వాల్వు విషయంలో అంత పైచేయి లేదు. గొంతు నుంచి చూస్తే వాల్వు వెనక భాగం బాగా కనిపిస్తుంది, ముందు భాగం నీడలో పడుతుంది. ముందు భాగం చూడాలంటే ఛాతీ ఎకోనే గతి. కాబట్టి ఆ వాల్వున్నవాళ్లకి రెండూ తీసి కలిపి చూడాలి, గొంతు ఎకో అయిందని మామూలుది మానేయకూడదు.

జనం భయపడేదీ దీనికే. ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి. కట్టుడు పళ్లుంటే తీసేయాలి. గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, మత్తు సూది కొద్దిగా ఇస్తారు, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతారు. గొట్టం దిగేటప్పుడు ఒకసారి వాంతి వచ్చినట్టు అవుతుంది, ఆ తర్వాత చాలామందికి ఏమీ గుర్తుండదు. పెద్ద ప్రమాదం, అంటే అన్నవాహికకు చిల్లు పడటం, చాలా అరుదు. మింగడం కష్టంగా ఉన్నా, అన్నవాహికకు ఎప్పుడైనా ఆపరేషన్ అయినా, లివర్ జబ్బుతో రక్తం కక్కుకున్నా ముందే చెప్పాలి. అలాంటివాళ్లకి ఇది పనికిరాకపోవచ్చు.

ఇంకో మాట. గొట్టం వేస్తే రక్తం కారుతుందేమోనని ముందు రోజు నుంచే అసిట్రోమ్, అంటే రక్తం పలచబడే మాత్ర, ఆపేసి వచ్చేవాళ్లున్నారు. అలా ఆపొద్దు. మెకానికల్ వాల్వున్న మనిషి సొంతంగా ఆ మాత్ర ఆపడం కంటే పెద్ద ప్రమాదం ఈ గదిలో ఏదీ లేదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చివరి రిపోర్టు తెచ్చి చూపించండి, నిర్ణయం డాక్టరుది.

ఫ్లోరో, సీటీ, ఎంఆర్ఐ

ఫ్లోరో అంటే, గుండె రక్తనాళాల పరీక్షలు చేసే క్యాత్ ల్యాబ్‌లో ఎక్స్‌రేతో కదిలే బొమ్మ చూడటం. సూది లేదు, మందు లేదు, క్షణాల పని. మెకానికల్ వాల్వు రేకులు రెండూ తెరుచుకుంటున్నాయా, ఒకటి బిగుసుకుపోయిందా అన్నది కళ్లముందు కనిపిస్తుంది. నా ఉద్దేశంలో దీన్ని వాడాల్సినంత వాడటం లేదు. గొంతు ఎకో దొరకని చోట రేకు ఇరుక్కుందన్న అనుమానం వస్తే ముందు దీన్నే అడగండి. కానీ కార్డు మీద చిత్ర వాల్వు అని ఉంటే మాత్రం దీనివల్ల లాభం తక్కువ: దాని డిస్కు పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌ది, ఎక్స్‌రేకి ఆనదు, లోహపు చట్రం మాత్రమే కనిపిస్తుంది. టిష్యూ వాల్వు రేకులు కూడా అంతే. ఇలాంటివాళ్లు ఫ్లోరో కోసం తిరగకుండా నేరుగా గొంతు ఎకోకి వెళ్లడం మేలు.

సీటీ ఎకోకి బదులు కాదు, ఎకో దగ్గర చిక్కుముడి పడ్డాక వాడేది. వాల్వుని పట్టేసింది రక్తపు గడ్డా, లేక చుట్టూ పెరిగిన కండా, అంటే పానసా, అని తేల్చడానికి ఇది పనికొస్తుంది. సీటీలో సాంద్రత అంకె 90 లోపుంటే గడ్డ వైపు, 145 దాటితే పానస్ వైపు మొగ్గు చూపుతారు. వాల్వు చుట్టూ చీము పట్టిందా అన్నదీ బాగా తెలుస్తుంది. కాంట్రాస్ట్, అంటే బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఇచ్చే మందు, ఎక్కిస్తారు కాబట్టి క్రియాటినిన్, అంటే కిడ్నీల రక్తపరీక్ష, చూపించాలి. ఎంఆర్ఐ గురించి ఒక్క మాట: వాల్వుందని ఎంఆర్ఐ గదికే వెళ్లకూడదనుకుంటారు. చాలా వాల్వులకు ఎంఆర్ఐ తీయొచ్చు, కార్డు చూపించి అడగాలి. వాల్వుని చూడటానికి మాత్రం అది అంత ఉపయోగపడదు.

మీ పరిస్థితి ఏది?

ఏ ఇబ్బందీ లేదు, చెకప్‌కే వచ్చారు: ఛాతీ ఎకో చాలు. మెకానికల్ వాల్వు బాగా పనిచేస్తూ, ఐఎన్‌ఆర్ సరిగా ఉంటే ఆరు నెలలకోసారి ఎకో తీయించక్కర్లేదు, ఆ డబ్బు ఐఎన్‌ఆర్‌కి పెట్టండి. టిష్యూ వాల్వుకి అమెరికా పద్ధతిలో ఆపరేషన్ అయిన 5వ ఏట ఒకసారి, 10వ ఏట ఒకసారి, ఆ తర్వాత ఏటా. యూరప్ పద్ధతిలో మొదటి ఏడాది నుంచే ఏటా. కాలి దగ్గరి రక్తనాళం నుంచి పెట్టే టావీ వాల్వుకి ఏటా తప్పదు.

ఉన్నట్టుండి ఆయాసం పెరిగింది, పడుకుంటే ఊపిరి ఆడటం లేదు, రోజూ వినిపించే టిక్ టిక్ మెత్తబడింది లేదా ఆగింది: ఇందులో పోల్చుకుంటూ కూర్చునే వ్యవధి లేదు. ఎకో అపాయింట్‌మెంట్ ఎక్కడ తొందరగా దొరుకుతుందా అని ఫోన్లు తిప్పకండి. దగ్గరి ఆసుపత్రిలో ఆక్సిజన్, ఐఎన్‌ఆర్, కుదిరితే ఒక ఎకో. ఆ వెంటనే గుండె సర్జన్, క్యాత్ ల్యాబ్ రెండూ ఉన్న చోటికి. గొంతు ఎకో అక్కడే తీస్తారు, మధ్యలో ఇంకో సెంటర్ అనవసరం. ఈమధ్య అసిట్రోమ్ ఎన్ని రోజులు తప్పిందో దాచకుండా చెప్పండి. మాత్రలు తప్పి, ఐఎన్‌ఆర్ తగ్గి, కొద్ది రోజుల్లోనే ఆయాసం వచ్చిందంటే గడ్డ అనుమానం బలపడుతుంది. ఐఎన్‌ఆర్ సరిగానే ఉండి నెలల తరబడి మెల్లగా పెరిగిందంటే పానస్ వైపు చూస్తారు. గడ్డ అయితే దాని సైజు, మనిషి పరిస్థితి చూసి కరిగించే మందా ఆపరేషనా అన్నది తేలుస్తారు. గొంతు ఎకోలో గడ్డ 0.8 చదరపు సెంటీమీటర్ల లోపుంటే కరిగించే మందుతో ప్రమాదం తక్కువని డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. ఆ కొలత మామూలు ఎకోలో దొరకదు.

జ్వరం తగ్గడం లేదు: మన ఏజెన్సీలో జ్వరమంటే ముందు మలేరియానే, ఆ పరీక్ష చేయించండి, తప్పు లేదు. కానీ వాల్వున్న మనిషి ఆర్ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ సూది వేయించుకుని వారం గడిపేస్తే ఆ తర్వాత వచ్చే చిక్కు అంతా ఇంతా కాదు. వాల్వుకి ఇన్ఫెక్షన్ పట్టిందో లేదో చెప్పే బ్లడ్ కల్చర్ ఆ సూది తర్వాత తరచు ఏమీ చూపించదు. ముందు కల్చర్ రక్తం, వేర్వేరుగా మూడుసార్లు తీసినది. ఆ తర్వాతే మందు. కృత్రిమ వాల్వు మీద ఇన్ఫెక్షన్‌ని మామూలు ఎకో దాదాపు సగం మందిలోనే పట్టుకుంటుంది, గొంతు ఎకో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పట్టుకుంటుంది. గొంతు ఎకోలో కూడా ఏమీ కనిపించక అనుమానం మాత్రం పోకపోతే 5 నుంచి 7 రోజులకి మళ్లీ తీస్తారు. "మొన్ననే తీశారు కదా, డబ్బు లాగుతున్నారు" అనుకోవద్దు, ఇది పద్ధతే.

మూత్రం కోలా రంగులో వస్తోంది, కళ్లు పచ్చబడ్డాయి, రక్తం ఎంత ఎక్కించినా తగ్గిపోతోంది: కామెర్ల పసరుకి పరుగెత్తే ముందు వాల్వు పక్కన కుట్టు వదిలి లీకవుతోందేమో చూడాలి. ఆ సన్నటి సందులోంచి దూసుకుపోయే రక్తకణాలు పగిలిపోతాయి. ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్ష, తర్వాత గొంతు ఎకో. 3డీ ఉన్న మెషీన్ అయితే సందు ఎక్కడుందో, ఎంత పొడవుందో సర్జన్‌కి చూపించినట్టు చూపిస్తుంది. ఈ ఒక్క దానికి మాత్రం మంచి మెషీన్ వెతుక్కుని వెళ్లమని నేనే చెప్తాను.

గర్భం: ఎకో కంటే ముందు మాత్ర విషయం మాట్లాడాలి, అదీ గర్భం రాకముందే. పరీక్షల వరకు ఛాతీ ఎకో ఎన్నిసార్లయినా భయం లేదు.

ఇక ఎక్కడ అన్నది. మామూలు చెకప్‌లకి దగ్గరగా ఉన్న చోటే మంచిది, కానీ ప్రతిసారీ అదే చోట, కుదిరితే అదే మెషీన్ మీద. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం, టెక్కలి మీదుగా శ్రీకాకుళం దగ్గర. గంజాం వైపు వాళ్లకి బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. జయపురం, కొరాపుట్ వాళ్లు చిన్న చెకప్‌కి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ రానక్కర్లేదు, కొరాపుట్ మెడికల్ కాలేజీలో ముందు కనుక్కోండి. గొంతు ఎకో మాత్రం చాలా చోట్ల రోజూ ఉండదు. రాయగడలో రైలెక్కే ముందే ఫోన్ చేసి ప్రోబు పనిచేస్తోందా, ఏ రోజు తీస్తారు, మత్తు డాక్టరు ఉంటారా, వీడియో ఇస్తారా అని అడగండి. ఆయుష్మాన్ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఆ కార్డు ఓపీలో తీసే ఎకోకి పనికిరాదు, ఆసుపత్రిలో చేరిస్తేనే. చేరడానికి ముందు 3 రోజుల్లో తీసిన పరీక్షలు ప్యాకేజీలో కలుస్తాయి కాబట్టి బిల్లు పారేయకండి. పొద్దున్న పరీక్ష అయితే ముందు రోజు సాయంత్రమే దిగి, రాత్రి తేలిగ్గా తిని, ఆరు గంటల లెక్క చూసుకుని ఆపేయండి. షుగరు మందు, ఇన్సులిన్ ఉన్నవాళ్లు ఆ పూట డోసు గురించి ఫోన్లోనే అడగాలి. వెంట ఒక మనిషి తప్పనిసరి, ఎందుకంటే మత్తు దిగేదాకా బండి నడపకూడదు. స్ప్రే మొద్దు పోయేదాకా, అంటే దాదాపు రెండు గంటలు, మంచినీళ్లు కూడా తాగకూడదు. ఆ తర్వాత మొదటి గుక్క చల్లటి నీళ్లే తాగండి, వేడి టీ వద్దు.